అమ్మాయి తలకు దెబ్బ తగిలింది, మంగళవారం మ్యాచ్ ఉంది: టెక్సస్‌లో రూల్ ఏమిటి?

స్వాతి_ఫ్రిస్కో
శుక్రవారం, రాత్రి 9:48

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే రెండో స్థాయి) సాకర్ టీంలో ఆడుతుంది. నిన్న సాయంత్రం మ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలు ఒకే బంతికి ఎగిరారు. అవతలి పిల్ల మోచెయ్యి మా దాని కణతకు తగిలింది. వెల్లకిలా పడి తల వెనక భాగం నేలకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు. వెంటనే లేచి నిలబడింది కానీ రెండడుగులు తూలడం నేను గ్యాలరీలోంచి చూశాను. కోచ్ బయటికి పిలిచి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాడు. బాగున్నావా అంటే ఇది బాగున్నానంది. ఆఖరి పది నిమిషాలు మళ్ళీ ఆడించాడు. నేను అప్పుడు కిందికి దిగి అడగాల్సింది. అందరి ముందు బాగుండదేమోనని ఆగిపోయాను.

కార్లో తల దిమ్ముగా ఉందంది. రాత్రి ఒకసారి వాంతి. పొద్దున లేచేసరికి వెలుతురు చూడలేకపోయింది, ఫోన్లో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయంది. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళాం. కంకషన్ (దెబ్బకి లోపల మెదడు కుదుపుకు లోనవడం) అన్నారు, స్కాన్ అవసరం లేదన్నారు, రెస్ట్ ఇవ్వమన్నారు. అంతే, మూడు నిమిషాల్లో బయటికి పంపేశారు.

ఇప్పుడు కోచ్ మెసేజ్ పెట్టాడు, వీకెండ్‌లో బాగైపోతే మంగళవారం మ్యాచ్‌కి రావచ్చని. గుంటూరులో మా వారి బాబాయిగారు డాక్టరు. వీడియో కాల్‌లో చూసి పర్లేదమ్మా, నాలుగు రోజుల్లో ఆడుకోవచ్చు అన్నారు. మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని రాత్రంతా గంటకోసారి దాన్ని లేపుతూనే ఉన్నారు, పొద్దున దిష్టి కూడా తీశారు.

ఆడాలా వద్దా అనేది ఇక్కడ ఎవరు తేల్చాలి? కోచా, స్కూలా, మేమా? సోమవారం మ్యాథ్ టెస్టు, ఆదివారం కూచిపూడి క్లాసు కూడా ఉన్నాయి. వాటికి పంపొచ్చా?

కొలంబస్_పిల్లలడాక్టర్
శుక్రవారం, రాత్రి 10:20

స్వాతి గారూ, ముందు ఈ రాత్రి సంగతి. తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మాట ముద్దగా వస్తున్నా, ఒక కంటిపాప పెద్దగా ఇంకోటి చిన్నగా ఉన్నా, ఒక చెయ్యో కాలో తిమ్మిరెక్కి బలహీనమైనా, ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, లేపితే లేవకపోయినా 911కి ఫోన్ చేయండి. అర్జెంట్ కేర్ కాదు, ఆసుపత్రి ఎమర్జెన్సీకే (ఈఆర్).

ఇవేవీ లేకపోతే హాయిగా పడుకోనివ్వండి. డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక గంటకోసారి లేపక్కర్లేదు. మెదడు కోలుకోవడానికి నిద్రే కావాలి. అత్తయ్యగారి భయం అర్థం చేసుకోదగ్గదే, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది. మెల్లగా సర్దిచెప్పండి.

స్కాన్ తీయలేదని బెంగపడకండి. కంకషన్‌లో సీటీ స్కాన్ దాదాపు ఎప్పుడూ నార్మల్‌గానే వస్తుంది. స్కాన్ చూసేది లోపల రక్తం కారుతోందా, ఎముక విరిగిందా అని. కంకషన్ మెదడు పనిచేసే తీరులో వచ్చే ఇబ్బంది, ఫోటోలో కనపడదు. అందుకే స్కాన్ నార్మల్ కాబట్టి ఆడొచ్చు అన్న మాట తప్పు. స్పృహ తప్పలేదు కాబట్టి కంకషన్ కాదు అన్నదీ తప్పే. ఆటల్లో వచ్చే కంకషన్లలో పదింట తొమ్మిదింటికి పైగా స్పృహ తప్పకుండానే వస్తాయి.

పాత పద్ధతిలో వారం పది రోజులు చీకటి గదిలో పడుకోబెట్టేవారు. ఇప్పుడలా చెప్పడం లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ కంకషన్ సదస్సు సిఫారసులు 2023లో అచ్చయ్యాయి. మొదటి ఒకటి రెండు రోజులు ఇంటిపట్టున తేలిగ్గా గడపాలి, ఫోన్, టీవీ బాగా తగ్గించాలి, తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టాలి. పూర్తిగా మంచాన పడేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

కూచిపూడి సంగతి. అడుగులు గట్టిగా వేయడం, గిర్రున తిరగడం, ఎగరడం అన్నీ వ్యాయామమే. ఈ ఆదివారం వద్దు.

ఇర్వింగ్_రమేష్
శుక్రవారం, రాత్రి 11:05

స్వాతి గారూ, రెండేళ్ళ కిందట మావాడికి ఇదే జరిగినప్పుడు టెక్సస్ చట్టం కూర్చుని మొత్తం చదివాను.

ఇక్కడ దాన్ని నటాషా చట్టం అంటారు. 2011లో హెచ్‌బీ (హౌస్ బిల్లు) 2038గా పాసైంది. సాకర్‌లో పదే పదే తలదెబ్బలు తిని ఆటే వదిలేయాల్సి వచ్చిన నటాషా హెల్మిక్ పేరు పెట్టారు. ఎడ్యుకేషన్ కోడ్‌లో 38వ చాప్టర్‌లో ఉంటుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: కోచ్ తేల్చలేడు. చట్టంలో అది నేరుగా రాసి ఉంది, మళ్ళీ ఆడటానికి కోచ్ అనుమతి ఇవ్వకూడదని. స్కూల్ తరఫున దీన్ని చూసుకునే బాధ్యత కూడా కోచ్‌కి ఇవ్వకూడదు. అథ్లెటిక్ ట్రైనర్ (స్కూల్లో ఆటల గాయాలు చూసే నిపుణులు) గానీ వేరే వాళ్ళు గానీ చూడాలి, వాళ్ళ పైన సూపరింటెండెంట్ ఉండాలి.

అనుమానం వస్తే చాలు పిల్లని ఆట నుంచి వెంటనే తీసేయాలి. ఆ అనుమానం ఎవరికి రావచ్చు? కోచ్‌కి, డాక్టర్‌కి, లైసెన్సున్న హెల్త్ ప్రొఫెషనల్‌కి, ఇంకా తల్లికి గానీ తండ్రికి గానీ. ఈ నాలుగో ముక్క చాలామందికి తెలియదు. కోచ్‌కి ఏమీ అనిపించకపోయినా, గ్యాలరీలో కూర్చున్న మీకు అనిపిస్తే సరిపోతుంది. నిన్న మీరు కిందికి దిగి ఉంటే ఎవరూ కాదనడానికి లేదు. ఎందుకు దిగలేదని మీ మీద మాట కాదండీ, ఇంకోసారి దిగడానికి మొహమాటపడకండని చెబుతున్నాను. తీసేసిన పిల్ల ఆ రోజు మళ్ళీ ఆడకూడదు, కాబట్టి ఆ ఆఖరి పది నిమిషాలు రూల్‌కి విరుద్ధం.

మళ్ళీ ఆడాలంటే ఇన్ని కావాలి. మీరు ఎంచుకున్న డాక్టర్ పరీక్ష చేయాలి. స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కంకషన్ ఓవర్‌సైట్ టీం అని ఉంటుంది, అందులో కనీసం ఒక ఫిజీషియన్ ఉండాలి. ఆ టీం పెట్టిన రిటర్న్ టు ప్లే (మళ్ళీ ఆటలోకి రావడం) మెట్లన్నీ పూర్తి కావాలి. ఆడటం సురక్షితమని ఆ డాక్టర్ రాతపూర్వకంగా ఇవ్వాలి. చివర్లో మీరూ, అమ్మాయీ సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా కుదరదు. ఫిజీషియన్ అంటే టెక్సస్‌లో లైసెన్సు ఉన్నవారు. బాబాయిగారి మీద గౌరవం ఉంచుతూనే చెబుతున్నా, గుంటూరు నుంచి చెప్పిన మాట ఇక్కడ చెల్లదు.

మంగళవారానికి ఇవన్నీ అయ్యే పని కాదు.

స్వాతి_ఫ్రిస్కో
శుక్రవారం, రాత్రి 11:31

రమేష్ గారూ, డాక్టర్ గారూ, ఏడుపొచ్చింది ఇది చదివి. ఆగస్టులో ఆన్‌లైన్ ఫారాలన్నీ వరసగా టిక్ చేసేటప్పుడు కంకషన్ ఫారం కూడా ఒకటుంది. చదవకుండానే సంతకం పెట్టాను. ఇప్పుడు తీసి చూస్తే మీరు చెప్పిందంతా అందులో ఉంది.

అత్తయ్యగారికి డాక్టర్ గారి మాట చదివి వినిపించాను. సరేనన్నారు. పిల్ల పడుకుంది.

కేటీ_ప్లానో
శనివారం, ఉదయం 8:12

వేరే అభిప్రాయం చెబుతున్నందుకు క్షమించండి. మేం చిన్నప్పుడు జామచెట్టు మీదనుంచి పడ్డాం, క్రికెట్ బంతి నుదుటికి తగిలి బొప్పి కట్టింది, పసుపు పెట్టుకుని సాయంత్రానికి మళ్ళీ గ్రౌండ్‌లో ఉన్నాం. ఏమైంది? మావాడు వర్సిటీలో, అంటే స్కూల్ మొదటి టీంలో ఉన్నాడు. ఈ వయసులో మూడు వారాలు బయట కూర్చుంటే టీంలో స్థానం పోతుంది, కాలేజీ కోచ్‌లు వచ్చే రోజున గ్రౌండ్‌లో ఉండడు. చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ ఒకే రూల్ పెట్టడం అన్యాయం అనిపిస్తుంది నాకు. పిల్ల బాగున్నానంటే నమ్మాలి కదా.

ఎడిసన్_శ్రీను
శనివారం, ఉదయం 10:40

కేటీ గారూ, మీ మాటలో కోపం తెచ్చుకోవాల్సిందేమీ లేదు. నాలుగేళ్ళ కిందట నేనూ అచ్చంగా ఇలాగే మాట్లాడాను. అందుకే ఇది రాస్తున్నాను.

మావాడు పదో తరగతిలో రెజ్లింగ్. ప్రాక్టీసులో తల మ్యాట్‌కి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయట. ఎవరికీ చెప్పలేదు. ఆ వారంలోనే టీం ఎంపిక ఉంది. ఇంట్లో తలనొప్పి అంటే నేను నీళ్ళు తాగట్లేదన్నాను, టైలెనాల్ (నొప్పి మాత్ర) ఇచ్చాను. భోజనం దగ్గర విసుక్కుంటే టీనేజ్ అనుకున్నాను. వాడు ఎప్పుడూ వినే పాటలు ఆపేశాడు, శబ్దం పడట్లేదని. అదీ గమనించలేదు. తొమ్మిదో రోజున రెండో దెబ్బ తగిలింది, మొదటిదాని కంటే చిన్నది. ఈసారి నిలబడలేకపోయాడు.

అదృష్టం బాగుండి ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ నాలుగు నెలలు తలనొప్పి. ఒక పేజీ చదివితే రెండో పేజీకి మొదటిది గుర్తుండేది కాదు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్లాడు, పేపర్ ముందు కూర్చుని ఏడ్చాడు. పక్క గదిలో ఉండి విన్నాను.

న్యూజెర్సీలో 2010 నుంచే చట్టం ఉంది. అనుమానం వస్తే తీసేయాలి, డాక్టర్ కాగితం లేకుండా రానివ్వకూడదు. చట్టంలో లోపం లేదండీ. మావాడు చెప్పలేదు, నేను చూడలేదు. ఎవరికీ తెలియని దెబ్బని ఏ చట్టం పట్టుకుంటుంది?

పిల్ల బాగున్నానంటే నమ్మాలి అన్నారు. మిగతా అన్నింట్లో నమ్మండి. ఈ ఒక్కదాంట్లో వాళ్ళ మాట మీద వదిలేయకండి. వాళ్ళు అబద్ధాలకోరులని కాదు. టీంలో చోటు పోతుందన్న భయం వాళ్ళకి మనకంటే ఎక్కువ. పైగా దెబ్బ తిన్నది ఆలోచించాల్సిన అవయవమే. తాను బాగున్నానో లేదో తేల్చుకునే శక్తి ఆ గంటలో దానికి ఉండదు.

సమామిష్_రెఫరీ
శనివారం, మధ్యాహ్నం 1:15

శ్రీను అన్నా, రాసినందుకు థాంక్స్. తేలిగ్గా రాసే విషయం కాదు.

నేను వాషింగ్టన్ రాష్ట్రంలో వీకెండ్స్ పిల్లల సాకర్‌కి రెఫరీగా చేస్తాను. ఈ చట్టాలన్నీ మా దగ్గరే మొదలయ్యాయి, ఆ కథ తల్లిదండ్రులందరికీ తెలియాలి.

మాకు అరగంట దూరంలో మేపుల్ వ్యాలీ అని ఊరుంది. 2006 అక్టోబరులో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ కుర్రాడు మిడిల్ స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టాకిల్ చేస్తూ పడ్డాడు, తల నేలకు గట్టిగా కొట్టుకుంది. కాసేపు బయట కూర్చున్నాడు. రెండో సగంలో మళ్ళీ దిగాడు. మ్యాచ్ అయిపోయాక మైదానంలోనే కుప్పకూలాడు. హెలికాప్టర్‌లో సియాటిల్ హార్బర్‌వ్యూ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెదడు వాపుకి చోటు ఇవ్వడానికి పుర్రె ఎముకలు రెండు వైపులా తీయాల్సి వచ్చింది. మళ్ళీ ఒక్క మాట పలకడానికి తొమ్మిది నెలలు పట్టింది.

ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2009 మేలో గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్ లిస్టెడ్ చట్టం మీద సంతకం పెట్టారు. అందులో ముఖ్యమైనవి మూడే మాటలు. ఏటా తల్లిదండ్రులూ పిల్లలూ కంకషన్ గురించి చదివి సంతకం పెట్టాలి. అనుమానం రాగానే ఆట నుంచి తీసేయాలి. కంకషన్‌లో శిక్షణ ఉన్న లైసెన్సుడ్ ప్రొవైడర్ రాసిస్తేనే మళ్ళీ రానివ్వాలి. ఆ నమూనాతోనే మిగతా రాష్ట్రాలు వచ్చాయి. 2014 జనవరిలో మిసిసిపీ చేరడంతో 50 పూర్తయ్యాయి.

కేటీ గారూ, చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ ఒకే రూలా అన్నారు. జాకరీ మళ్ళీ దిగినప్పుడు అక్కడున్నవాళ్ళకి అది చిన్న దెబ్బలాగే కనపడి ఉంటుంది. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండోది తగిలితే ఒక్కోసారి రక్తప్రసరణ అదుపు తప్పి నిమిషాల్లో వాచిపోతుంది. అరుదే. కానీ జరిగినవాళ్ళలో ఎక్కువమంది మన పిల్లల వయసువాళ్ళే. ఏ దెబ్బ అలా అవుతుందో సైడ్‌లైన్‌లో నిలబడి చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

రెఫరీగా ఒక మాట. పిల్ల పడగానే నేను బాగున్నావా అని అడగను. ఇప్పుడు ఏ హాఫ్, ఆఖరి గోల్ ఎవరు కొట్టారు, కిందటి మ్యాచ్ ఎవరితో ఆడారు, గెలిచారా, ఇవి అడుగుతాను. బాగున్నావా అంటే ప్రతి పిల్లా బాగున్నాననే అంటుంది.

నేపర్‌విల్_లక్ష్మి
శనివారం, సాయంత్రం 4:02

అందరూ ఆట గురించే మాట్లాడుతున్నారు. స్వాతి అడిగిన రెండో ప్రశ్న, సోమవారం మ్యాథ్ టెస్టు, ఎవరూ ముట్టుకోలేదు. నేను స్కూల్ కౌన్సెలర్ ఆఫీసులో పని చేస్తాను, నాకు ఎక్కువగా కనపడేది అదే.

ఇల్లినాయ్‌లో 2015 చట్టం రిటర్న్ టు ప్లేతో పాటు రిటర్న్ టు లెర్న్ కూడా పెట్టమంది. అంటే క్లాసుకి కూడా మెట్లు మెట్లుగానే రావాలి. అన్ని రాష్ట్రాల్లో ఇది చట్టంలో లేదు. అయినా ఎక్కడైనా అడగొచ్చు స్వాతీ. ఆ డాక్టర్ దగ్గర ఇంకో నాలుగు లైన్లు రాయించుకో: ఈ వారం టెస్టులు వద్దు, సగం రోజు స్కూలు, ప్రతి క్లాసు మధ్యలో కాస్త విరామం, స్క్రీన్ బదులు కాగితం, లంచ్ గోల లేని చోట, బ్యాండ్ క్లాసు వద్దు. కౌన్సెలర్‌కీ నర్సుకీ ఇద్దరికీ ఈమెయిల్ చెయ్. రెండు మూడు వారాల్లో తగ్గేదానికి ఇది చాలు. నెలలు పడితే 504 ప్లాన్ (ఆరోగ్య ఇబ్బంది ఉన్న పిల్లలకి స్కూల్ రాతపూర్వకంగా ఇచ్చే సదుపాయాలు) అడగాలి.

మనవాళ్ళ దగ్గర నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆట మానేయమంటే వెంటనే మానేస్తారు, చదువు తగ్గించమంటే మాత్రం ఒప్పుకోరు. సాకర్ లేదు కాబట్టి ఆ రెండు గంటలు ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) ప్రాక్టీసు చేయిద్దామనుకుంటారు. గాయపడ్డ మెదడుకి అదీ బరువే. చీలమండ బెణికిన పిల్లని పరిగెత్తమంటామా?

ఇంకోటి, పిల్ల చూడటానికి బాగానే ఉంటుంది. కట్టు ఉండదు, చేతికర్ర ఉండదు. టీచర్లకీ, స్నేహితులకీ, ఇంట్లో నానమ్మకీ నటిస్తోందేమో అనిపిస్తుంది. ఆ మాట ఎవరి నోటా రానివ్వకు.

స్వాతి_ఫ్రిస్కో
సోమవారం, రాత్రి 8:50

ఈ రోజు జరిగింది చెబుతాను.

పొద్దున నేనూ మావారూ స్కూల్‌కి వెళ్ళాం. కోచ్ దగ్గరికి కాదు, అథ్లెటిక్ ట్రైనర్ దగ్గరికి. గురువారం ఆవిడ వర్సిటీ మ్యాచ్‌తో ఇంకో స్కూల్లో ఉందట, జేవీ సంగతి తెలియనే తెలియదు. అంతా విని తలపట్టుకుంది. వెంటనే ఫైల్ తెరిచి మెట్ల కాగితం ఇచ్చింది. మొదట మామూలు స్కూలు రోజు ఇబ్బంది లేకుండా గడవాలి. తర్వాత నడక, సైకిల్ లాంటి తేలిక వ్యాయామం. తర్వాత పరుగు. తర్వాత బంతితో, కానీ ఎవరినీ తాకకుండా డ్రిల్స్. తర్వాత పూర్తి ప్రాక్టీసు. ఆఖరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. లక్షణాలు తిరిగొస్తే ఆగాలి, తగ్గాక వెనక మెట్టు నుంచి మళ్ళీ ఎక్కాలి.

కోచ్ కూడా వచ్చాడు. నేను చాలా మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. అతనే ముందు, ఆ పది నిమిషాలు ఆడించకూడదు, నా తప్పు అన్నాడు. ఆఫీసులో ఫిర్యాదు రాసి ఇచ్చాం, అతని మీద కక్షతో కాదు, జేవీ మ్యాచ్‌కి ట్రైనర్ లేనప్పుడు ఎవరు చూడాలో స్కూల్ తేల్చాలని.

మ్యాథ్ టెస్టు వాయిదా వేశారు. లక్ష్మి అక్కా, మీ లైన్లన్నీ డాక్టర్ దగ్గర రాయించాను.

కూచిపూడి టీచర్‌కి నేనే ఫోన్ చేశాను. మేలో ప్రోగ్రాం ఉంది. ఆవిడకి ఏ చట్టమూ చెప్పదు, నేను చెప్పకపోతే తెలిసేది కాదు. కూర్చుని తాళం వేస్తూ చూడనివ్వండి, అది కూడా వచ్చే వారం అన్నారు.

కూపర్టినో_క్రికెట్
సోమవారం, రాత్రి 10:33

స్వాతి గారు చివర్లో అన్న మాట మీద రాస్తున్నాను. స్కూల్ గేటు దాటాక ఎవరు చెబుతారు?

నేను వీకెండ్ క్రికెట్ అకాడమీలో పిల్లలకి నేర్పుతాను. కాలిఫోర్నియాలో స్కూల్ చట్టం ప్రకారం కంకషన్ తేలితే మళ్ళీ ఆడటానికి కనీసం 7 రోజుల మెట్లు ఉండాలి. 2017 నుంచి స్కూల్ బయటి యూత్ స్పోర్ట్స్ సంస్థలకీ చట్టం వచ్చింది. వాషింగ్టన్‌లో స్కూల్ మైదానాలు వాడుకునే బయటి సంస్థలు కూడా పాటించాలి. టెక్సస్ నటాషా చట్టం స్కూల్ పోటీలకే, రమేష్ గారు సరిచేస్తారు నేను తప్పైతే. కాబట్టి పిల్ల స్కూల్లో బెంచీ మీద కూర్చుని, శనివారం క్లబ్‌లో ఆడేయడం కుదిరిపోతుంది. అలా జరగడం నేను చూశాను. స్కూల్లో ఫుట్‌బాల్‌లో తలదెబ్బ తిన్న పిల్లాడు నా నెట్స్‌కి వచ్చాడు, బౌన్సర్ ఆడుతూ కళ్ళు సరిగ్గా ఆనట్లేదన్నాడు. ఆరా తీస్తే అప్పుడు తెలిసింది.

హెల్మెట్ ఉంది కదా అంటారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుని ఆపలేదు.

మా పిల్లలకి నేను చెప్పే ఉదాహరణ 2019 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది. పరీక్షలు చేశారు, పాసయ్యాడు, మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాడు పొద్దున లక్షణాలు బయటపడ్డాయి. లబుషేన్ అతని బదులు దిగాడు, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. పెద్ద డాక్టర్ల బృందం పక్కనే ఉన్నా మొదటి రోజు తేలలేదు. ఇక మన పార్కు గ్రౌండ్‌లో ఐదు నిమిషాల్లో ఏం తేలుతుంది?

ఇర్వింగ్_రమేష్
సోమవారం, రాత్రి 10:58

సరిగ్గానే చెప్పారు. ఇక్కడ స్కూల్ పోటీలు, వాటి ప్రాక్టీసులు, అంతవరకే.

వరంగల్_పీఈటీ
మంగళవారం, మధ్యాహ్నం 1:20 (భారత సమయం)

నమస్కారం. నేను వరంగల్ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మాకు ఇలాంటి చట్టమేదీ లేదు, ట్రైనర్ ఉండడు, కబడ్డీలో రైడర్ని నలుగురు పట్టి పడేస్తే తల నేలకు తగలడం నెలకోసారైనా చూస్తాను. నీళ్ళు చల్లి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ దింపుతాం. నేనూ అలాగే ఆడాను. ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టర్ లేనిచోట నాలాంటివాడు ఏం చేయాలో చెప్పగలరా?

కొలంబస్_పిల్లలడాక్టర్
మంగళవారం, ఉదయం 6:45

మాస్టారూ, మీరు అడగడమే పెద్ద సంగతి. కంకషన్ రికగ్నిషన్ టూల్ 6 అని ఒక కాగితం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డాక్టర్లు కానివాళ్ళ కోసమే చేశారు. మీకు డాక్టర్ అవసరం లేని పని ఒకటుంది: తీసేయడం. కంకషనో కాదో మీరు తేల్చక్కర్లేదు. అనుమానం వచ్చిందా, ఆ రోజుకి ఆట అయిపోయింది. పిల్లాణ్ని ఒంటరిగా వదలకండి, ఒంటరిగా సైకిల్ మీద ఇంటికి పంపకండి. ఇంటివాళ్ళకి ప్రమాద లక్షణాలు తెలుగులో రాసి ఇవ్వండి, నేను మొదట రాసినవే. మెడ నొప్పి అంటే కదిలించకండి, 108కి ఫోన్ చేయండి. రెఫరీ గారి ప్రశ్నల్ని కబడ్డీకి మార్చుకోండి: ఆఖరి పాయింట్ ఎవరు తెచ్చారు, ఇప్పుడు స్కోరెంత. జవాబులన్నీ సరిగ్గా చెప్పినా మీకు అనుమానం పోకపోతే కూర్చోబెట్టండి.

వరంగల్_పీఈటీ
మంగళవారం, రాత్రి 8:10 (భారత సమయం)

తెలుగులో రాసి జిరాక్సులు తీయించాను డాక్టర్ గారూ. స్కోరు బోర్డు పక్కన ఒకటి అంటించాను. హెడ్మాస్టరు గారు చదివి, పేరెంట్స్ మీటింగ్‌లో పంచుదామన్నారు.

కేటీ_ప్లానో
మంగళవారం, రాత్రి 9:15

శ్రీను గారి పోస్టు మావాడికి చదవమని ఇచ్చాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కిందటి సీజన్‌లో ఒకసారి రెండు రోజులు తల తిరిగింది, చెప్పలేదు నాన్నా అన్నాడు. రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

స్వాతి_ఫ్రిస్కో
మూడు వారాల తర్వాత, ఆదివారం

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, అందరికీ ఒకేచోట చెబుతున్నాను.

మొదటి వారం కష్టంగా గడిచింది. నాలుగో రోజున బాగుందనుకుని లైబ్రరీకి వెళ్ళి రెండు గంటలు చదివింది, సాయంత్రానికి తలనొప్పి మళ్ళీ మొదలు. పదో రోజు నుంచి తేలికపడింది. రోజూ సాయంత్రం అత్తయ్యగారూ అదీ కలిసి మా వీధి చుట్టూ నడిచారు. పరుగు మెట్టు దగ్గర ఒకసారి కళ్ళు తిరిగాయంది, అదే వచ్చి ట్రైనర్‌కి చెప్పిందట. ఆగి, తగ్గాక వెనక మెట్టు నుంచి మొదలుపెట్టారు. తలనొప్పి మాత్ర వేసుకుని మెట్టు ఎక్కకూడదని ట్రైనర్ మొదటి రోజే చెప్పింది, అది పాటించింది.

దానికి ఇష్టమైన మ్యాచ్ నాలుగో మెట్టులో ఉండగా వచ్చింది. బెంచీ మీద యూనిఫాం లేకుండా కూర్చుని నీళ్ళ సీసాలు అందించింది. కార్లో ఏడ్చింది. నేనేమీ చెప్పలేదు, ఇంటిదాకా చెయ్యి పట్టుకున్నాను.

మొన్న డాక్టర్ రాసిచ్చారు. మేమిద్దరం సంతకాలు పెట్టాం. ఈసారి ప్రతి లైనూ చదివి పెట్టాను. నిన్న పూర్తి ప్రాక్టీసు చేసింది, రాత్రి హాయిగా పడుకుంది.

ఒక్క సందేహం. వచ్చే నెల క్లబ్ సీజన్ మొదలు. క్లబ్ వాళ్ళు ఏ కాగితమూ అడగలేదు. కిందటి కంకషన్ సంగతి నేనే చెప్పాలనుకుంటున్నాను. టీం మేనేజర్‌కి మాటతో చెబితే సరిపోతుందా?

ఇర్వింగ్_రమేష్
ఆదివారం, రాత్రి 8:30

మాటతో వద్దండీ. దెబ్బ తగిలిన తేదీ, క్లియరెన్స్ తేదీ రాసి, డాక్టర్ లెటర్ జతచేసి మేనేజర్‌కీ కోచ్‌కీ ఇద్దరికీ ఈమెయిల్ చేయండి. మధ్యలో కోచ్ మారినా కాగితం ఉంటుంది. కాపీ ఒకటి ఫోన్లో ఉంచుకోండి, ఎప్పుడైనా ఈఆర్‌కి వెళ్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.